కాంగర్ కన్నా కంగారే ప్రమాదం

ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో సముద్రంలో డైవింగ్ నేర్పుతుంటాను. అక్కడి సముద్రంలో రాళ్లగుట్ట ఎడ్డీస్టోన్ రీఫ్‌కి బోటు బయల్దేరిందో లేదో, మనవాళ్లుంటే అదే ప్రశ్న: "అన్నా, అక్కడ కాంగర్ ఈల్స్ ఉంటాయట కదా, మీదికొస్తాయా?" పాములా పొడుగ్గా ఉండే సముద్రపు చేప అది. ఈ భయమంతా ఫార్వర్డ్ వీడియోల పుణ్యం.

"నోరు తెరిచిందంటే దాడికి వస్తున్నట్టే." ఈ ఒక్క అపోహతోనే నా గొడవంతా. కాంగర్ పగలంతా రాతి పగుళ్లలోనో, మునిగిన ఓడల్లోనో తల మాత్రం బయటపెట్టి పడుంటుంది. వేట రాత్రిపూట. నోరు ఆడించేది మొప్పల్లోకి నీళ్లు పంపడానికి, అంటే ఊపిరి కోసం. అది చూసి బెదిరిపోయి ఊపిరి బిగబట్టి పైకి దూసుకెళ్తారే, ప్రాణాల మీదికొచ్చేది అక్కడ. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది. వదలకపోతే ఊపిరితిత్తులు చిట్లుతాయి, బుడగ మెదడుదాకా పోవచ్చు. ఈల్ గాటుకి కుట్లేస్తారు. ఈ బుడగకి మాత్రం రీకంప్రెషన్ ఛాంబర్, అంటే మనిషిని లోపల పెట్టి గాలి ఒత్తిడి పెంచే గది కావాలి, అదీ టైముకి అందాలి.

అలాగని భయపడేవాళ్లని వెక్కిరించను. పామంటే పుట్టుకతో జడిసే ఊళ్లు మనవి. పోయిన వేసవిలో రీడింగ్ అనే ఊళ్లో ఉద్యోగం చేసే మన అమ్మాయొకరు లాబ్‌స్టర్‌ని చూద్దామని పగులు దగ్గర వంగింది. పక్కనే నా తొడంత లావు బూడిదరంగు తల, మందపాటి పెదవులు, దవడ వెంట సూదితో పొడిచినట్టు తెల్లచుక్కలు. ఆమె చెయ్యి ఇన్‌ఫ్లేటర్ మీదికి పోయింది, అంటే జాకెట్‌లో గాలి నింపి మనిషిని పైకి లేపే మీట. మణికట్టు పట్టుకుని, ఊపిరి వదలమని సైగ చేశాను. బుడగలు గుప్పున వచ్చాయి, తర్వాత నెమ్మదించాయి. కాసేపటికి ఆమే టార్చి దాని కళ్లలో పడకుండా పక్కకి తిప్పి చూస్తోంది!

అసలెప్పుడూ కరవదా? 2013లో ఐర్లాండ్‌లోని కిల్లరీ దగ్గర ఒక డైవర్ ముఖం కరిచింది. అంత అరుదు కాబట్టే పేపర్లకెక్కింది.

ఇక షాక్ కొడుతుందనేవాళ్లకి: షాక్ కొట్టేది ఎలక్ట్రిక్ ఈల్, దక్షిణ అమెరికా మంచినీళ్ల చేప, కాంగర్‌కి దగ్గరి చుట్టం కూడా కాదు. కాంగర్ కాటులో విషం లేదు. పెద్దవి ముదిరిపోయి మనుషుల మీద పడతాయనేది ఉత్త కథ. బాగా పెద్దవన్నీ ఆడవే. ఈడొచ్చాక తిండి మానేసి లోతు సముద్రానికి పోయి, ఒక్కసారి గుడ్లు పెట్టి చచ్చిపోతాయి.

మచ్చికవుతుందని చేత్తో చేపముక్కలు పెట్టేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. అది వాసన పట్టి తినే జంతువు. ముక్క ఏదో, వేలేదో దానికేం పట్టింది? లాబ్‌స్టర్ కోసమైనా సరే పగుళ్లలో చేతులు పెట్టొద్దు. చాలాసార్లు రెండూ ఒకే కన్నంలో ఉంటాయి.