సున్నపు మట్టిలో నూరు వరహాలు ఎందుకు పాలిపోతాయి?

కడియం నర్సరీలో నిగనిగలాడిన నూరు వరహాల మొక్క సముద్రం దగ్గరి ఊళ్లకు చేరిన కొన్ని నెలలకే పాలిపోతుంటుంది. ఎరువు చాల్లేదనుకుని యూరియా వేస్తారు. ఆకుల్ని దగ్గరగా చూస్తే సంగతి వేరు. ముదురాకులు బాగానే ఉంటాయి. చిగురాకులు పసుపు తిరిగి, వాటి మీద ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. నత్రజని లోటైతే ముందు పండేవి ముదురాకులు. మొక్క వాటిలోది తీసి చిగుళ్లకు పంపుతుంది. ఇనుము అలా సులభంగా కదలదు. అందుకే దాని లోటు చిగుళ్లలో బయటపడుతుంది.

మట్టిలో ఇనుముకు కొదవేం లేదు, కరగదంతే. సున్నం మట్టి పీహెచ్‌ని, అంటే క్షారగుణాన్ని చూపే అంకెని, పెంచుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే, మట్టిలో ఎక్కువగా ఉండే ఫెర్రిక్ రూపం ఇనుములో కరిగేది సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. నర్సరీ మట్టిముద్దలో వేళ్లు ఉన్నన్నాళ్లూ మొక్కకు ఢోకా లేదు. అవి పెరటి మట్టిలోకి దిగాకే చిక్కంతా.

గోదావరి డెల్టా మొత్తం ఇలాంటి నేల కాదు. తీరం దగ్గర గవ్వలు, నత్తగుల్లలు కలిసిన ఇసుకలో, గుల్ల సున్నంతో కట్టిన పాత గోడలు పడగొట్టిన చోట, సిమెంటు పెళ్లలతో మెరక చేసిన స్థలాల్లో సున్నం ఎక్కువ. కాచిన గిన్నెకు తెల్లగా పొర కట్టే బోరు నీళ్లు ఏళ్ల తరబడి పోస్తున్నా అంతే. ఎండిన మట్టి మీద కాస్త వెనిగర్ చల్లండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. పైన తెల్లగా పేరుకున్నదంతా సున్నం కాదు. నురగ రాకుండా నీళ్లలో కరిగిపోతే అది ఉప్పు. దాని వైద్యం వేరు.

గంధకం వేస్తే అది ఆమ్లంగా మారి సున్నాన్ని విరిచేస్తుందని, మట్టి దారికొస్తుందని అంటారు. లెక్క వేద్దాం. చదరపు మీటరు మడిలో 15 సెంటీమీటర్ల లోతున దాదాపు 200 కిలోల మట్టి ఉంటుంది. అందులో 5 శాతం సున్నమంటే 10 కిలోలు. అది విరగడానికి 3 కిలోల పైనే గంధకం కావాలి, అదీ ఒక్క చదరపు మీటరుకి! పెరడంతటికీ ఇది అయ్యే పని కాదు. జిప్సం కూడా ఇక్కడ దండగే. అది సోడియం పేరుకున్న చౌడుకి మందు.

కాబట్టి మట్టికి సరిపడే మొక్కనే తెచ్చుకోవాలి. కొబ్బరికి బెంగ లేదు, లక్షద్వీప్‌లో పగడపు ఇసుకలోనే కాస్తోంది. ఉసిరి, రేగు, దానిమ్మ, సపోటా, వేప తట్టుకుంటాయి. పూలకైతే కాగితపు పూలు, గన్నేరు. కూరలకు పాలకూర, బీట్‌రూట్. నిమ్మ పెంచొచ్చు గానీ ఇనుము, జింకు లోట్లతో ఎప్పుడూ ఏదో ఒక పేచీ పెడుతుంది.

ఇప్పటికే పాలిపోయిన మొక్క ఉంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. చిగుళ్లు పచ్చబడతాయి. కానీ తర్వాతి చిగురుకి మళ్లీ కొట్టాల్సిందే. నూరు వరహాలే కావాలని పట్టుబడితే కుండీలో పెట్టి, వాన నీళ్లో కాలువ నీళ్లో పోయండి. బోరు నీళ్లే పోస్తే కుండీలో మట్టికీ కొన్నాళ్లకు అదే గతి.