30 టన్నుల స్లాబు కింద

మే నెలలో రాత్రి తొమ్మిది గంటలకు, పొద్దు గూకి రెండున్నర గంటలు గడిచాక, విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఒక డాబా ఇంటి పడకగదిలో స్టూలెక్కి పైకప్పుకు అరచేయి ఆనిస్తే, అది జ్వరమొచ్చిన మనిషి నుదురులా తగులుతుంది. బయట గాలి అప్పటికే కాస్త చల్లబడుతూ ఉంటుంది. గదిలో ఫ్యాను మాత్రం పైనున్న వేడిని కిందికి దింపే పనిలో ఉంటుంది. ఇల్లు కట్టుకునేవారు మేస్త్రీతో కూర్చుని వేసుకునే ఖర్చుల చీటీలో సిమెంటు, ఇనుము, ఇసుక, కంకర, సెంట్రింగు, కూలి అన్నీ ఉంటాయి గానీ, ఈ వేడికి ఒక పద్దు ఉండదు. ఆ పద్దు ఎంతో, దాన్ని ఎక్కడ ఖర్చు పెడితే ఫలితం ఉంటుందో చూద్దాం.

లెక్క కోసం ఒక మామూలు ఇంటిని తీసుకుందాం. 150 గజాల స్థలం, 1,000 చదరపు అడుగుల కట్టడం, పిల్లర్లు, బీములు, వాటి మీద 5 అంగుళాల స్లాబు. చదరపు అడుగుకు 2,000 రూపాయల చొప్పున 20 లక్షలవుతుందని అనుకుందాం. ఈ ధర ఊరిని బట్టి, ఇసుక దొరికే తీరును బట్టి మారుతుంది, మనకు కావలసినవి నిష్పత్తులే. మేస్త్రీల వాడుక లెక్కలో అడుగుకు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల దాకా ఇనుము పడతాయి. అంటే 400 బస్తాలు, 4 టన్నులు. చుట్టూ బయటికి వచ్చే అంచుతో కలిపి స్లాబు 100 చదరపు మీటర్లుంటే, దానికే 12.5 ఘనపు మీటర్ల కాంక్రీటు, సుమారు 100 బస్తాల సిమెంటు కావాలి. బరువు 30 టన్నులు.

అసలు సంగతి ఆ 30 టన్నుల్లోనే ఉంది. ఒక కిలో కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 0.88 కిలోజౌళ్ల శక్తి తీసుకుంటుంది. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రి 10 డిగ్రీలు చల్లబడిందనుకుంటే, అది వదిలే వేడి 264 మెగాజౌళ్లు. కరెంటు మీటరు భాషలో చెబితే 73 యూనిట్లు. అందులో సగం ఆకాశంలోకి పోయి సగమే గదుల్లోకి దిగిందనుకున్నా 36 యూనిట్లకు పైమాటే. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి జోరుతో గంటకు తోడగలిగేది 5.3 యూనిట్ల వేడి కాబట్టి, ఇది దానికి ఏడు గంటల చాకిరీ. పైగా వేడి ఈ మందం దాటి రావడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ సాయంత్రం ఐదు దాటాక గదిలోకి వచ్చి, అర్ధరాత్రి దాకా కూర్చుంటుంది.

సాయంత్రం పూట డాబా మీద నీళ్లు చల్లే అలవాటు మనకు పాతదే, దాని వెనక భౌతికశాస్త్రమూ గట్టిదే. ఒక లీటరు నీరు ఆవిరైపోతూ 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. అంటే ఆ 73 యూనిట్లను దించడానికి 110 లీటర్లు, ఏడెనిమిది బకెట్లు చాలు, చల్లిన నీరంతా తూము గుండా పోకుండా ఆవిరైతే. కోస్తాలో గాలి తేమగా ఉంటుంది కనుక అది నెమ్మదిగా జరుగుతుంది, హైదరాబాదులో చురుగ్గా జరుగుతుంది. అయితే ట్యాంకరు కోసం ఎదురు చూసే కాలనీలో వేసవి పొడుగునా ఈ మాట చెప్పడం బాగుండదు.

నీళ్లు లేకుండా వేడిని ఆపాలంటే అది స్లాబులోకి చేరకముందే ఆపాలి. ఒక కప్పు వేడిని ఎంత సులువుగా దాటనిస్తుందో చెప్పే కొలతను యూ విలువ అంటారు: లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి పారుతుందన్నది. 5 అంగుళాల ఉత్త స్లాబుకు ఇది 3.3 దాకా ఉంటుంది. ఇంధన పొదుపును చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ 2018 చివర ఇళ్ల కోసం తెచ్చిన నియమావళి, ఈకో నివాస్ సంహిత, పైకప్పుకు 1.2 మించకూడదంటుంది. అంటే మన డాబాలన్నీ ఆ హద్దుకు రెండున్నర రెట్లు పైన ఉన్నాయి. ఆ సంహిత 500 చదరపు మీటర్ల స్థలం మొదలుకొని పెద్దవాటికే ఉద్దేశించింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం (ఎండను తిప్పికొట్టే కప్పులు వేయమనేది) కూడా ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలాలకే తప్పనిసరి చేసింది. రెండు హద్దులూ ఇంచుమించు ఒకటే. 150 గజాల వాడికి చెప్పేవారు ఎవరూ లేరు.

స్లాబు పైన థర్మకోల్‌కు దగ్గరి చుట్టమైన, దానికన్నా గట్టి పలకను, ఎక్స్‌పీఎస్ అనే దాన్ని, ఒక అంగుళం మందాన పరిచి, మీద పలుచని కాంక్రీటు పొర వేస్తే యూ విలువ 3.3 నుంచి 0.88కి పడిపోతుంది. రెండంగుళాలు వేస్తే 0.51. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి చూడడం అవసరం: మొదటి అంగుళం పారే వేడిలో దాదాపు ముప్పాతిక వంతును ఆపింది, రెండో అంగుళం తొలి వేడిలో మరో తొమ్మిదో వంతును మాత్రమే ఆపగలిగింది. మందం పెంచుకుంటూ పోతే ఖర్చు తిన్నగా పెరుగుతుంది, ప్రయోజనం అలా పెరగదు. మన వాతావరణంలో, మన బడ్జెట్లలో, మొదటి అంగుళం మీదే డబ్బు పెట్టాలని నా అభిప్రాయం. పలక, పై పొర, కూలి కలిపి అడుగుకు 100 రూపాయలనుకుంటే మన ఇంటికి లక్ష పైచిలుకు, మొత్తం ఖర్చులో 5 శాతం.

అదే పలకను కింద, ఫాల్స్ సీలింగు లోపల పెట్టించుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. గదికి కొంత మేలు జరుగుతుంది గానీ స్లాబుకు జరగదు. కాంక్రీటు కూడా వేడికి సాగుతుంది. 10 మీటర్ల స్లాబు తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య 25 డిగ్రీలు మారితే దాదాపు 3 మిల్లీమీటర్లు పొడవు పెరిగి, మళ్లీ తగ్గుతుంది. కింద గోడ అంత కదలదు. చాలా ఇళ్లలో పై అంతస్తు గదుల్లో, స్లాబుకు సరిగ్గా కింద, గోడ పొడుగునా గీత గీసినట్టు కనిపించే పగులు ఈ రోజువారీ గుంజులాట పనే; దాన్ని ఎన్నిసార్లు లప్పంతో పూడ్చినా మరుసటి వేసవికి మళ్లీ తెరుచుకుంటుంది. పలక పైన ఉంటే స్లాబు నీడపట్టున, గది ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. రాత్రి కిటికీలు తెరిచి చల్లబరిస్తే ఆ 30 టన్నులే మర్నాడు మధ్యాహ్నం దాకా గదిని చల్లగా ఉంచుతాయి. అనంతపురం, కర్నూలు పల్లెల్లోని మట్టి మిద్దెల కింద వేసవి మధ్యాహ్నం నిద్రపట్టేది ఇటువంటి కారణంతోనే: పైన అడుగు మందాన మట్టి, దాని కింద దూలాలు.

ఇక్కడ మన ఊళ్లకే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. చాలా డాబాల మీద పిల్లర్ల ఇనుప కడ్డీలు రెండు మూడడుగులు పైకి పొడుచుకొని, తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసుకొని, ఏళ్ల తరబడి నిలబడి ఉంటాయి. పిల్లల పెళ్లిళ్లకో, రిటైరయ్యాకో పై పోర్షన్ వేస్తారు. నాలుగైదేళ్లలో పైన ఇల్లు వచ్చేదుంటే ఈ స్లాబు మీద లక్ష పెట్టడం దండగ. అది రేపు ఒక గది నేల అవుతుంది. అటువంటివారు ఎండను తిప్పికొట్టే తెల్ల సున్నం కప్పు మీద కొట్టించుకొని ఆగడం మంచిది. అయితే పదిహేనేళ్లుగా కడ్డీలు తుప్పుపడుతూనే ఉన్న ఇళ్లు నేనెన్నో చూశాను కాబట్టి, ఈ ప్రశ్నకు ఇంటివారు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి.

తెల్లని కప్పు సంగతి హైదరాబాదులోనే కొలిచి చూశారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్ల పూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13 నుంచి 14 యూనిట్లు ఆదా అయినట్టు, చల్లదనానికి వాడే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గినట్టు తేలింది. 100 చదరపు మీటర్లకు 1,300 యూనిట్లు! ప్రకటనల్లో ఈ అంకె మెరుస్తుంది. కానీ ఆ పరిశోధన పగలంతా ఏసీలు నడిచే వాణిజ్య భవనాల మీద జరిగింది. రెండు పడకగదుల్లో రాత్రిపూట మాత్రమే ఏసీ వేసే ఇంటికి అందులో ఐదో వంతు దక్కినా గొప్పే. యూనిట్‌కు 8 రూపాయల చొప్పున అది ఏడాదికి 2,100 రూపాయలు. చదరపు మీటరుకు 300 రూపాయలయ్యే పూత 30,000 తీసుకొని, తన సొమ్ము తిరిగి ఇవ్వకముందే మాసిపోయి, మళ్లీ పూతకు వస్తుంది. ప్రతి ఫిబ్రవరిలో కొట్టే సున్నం అందంగా ఉండకపోవచ్చు, లెక్కలో మాత్రం అది నెగ్గుతుంది. నీరు కారకుండా కప్పు మీద ఎలాగూ ఏదో ఒక పని చేయించేవారు ఆ పైపొరగా పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు పరిపించుకుంటే, తెలుపు కోసం విడిగా పెట్టే ఖర్చు స్వల్పం.

అంగుళం పలకకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి. 12 అడుగుల పడకగది పైకప్పు 13 చదరపు మీటర్లు. మే రాత్రి గదిని 27 డిగ్రీల్లో ఉంచితే ఉత్త స్లాబు నుంచి సుమారు 600 వాట్ల వేడి దిగుతుందనుకుందాం. తొమ్మిది గంటల్లో 5.4 యూనిట్ల వేడి; ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్లకు పైగా వేడిని తోడుతుంది కనుక, దానికి 1.6 యూనిట్ల కరెంటు. 120 రాత్రులకు 190 యూనిట్లు, 1,500 రూపాయలు. అందులో ముప్పాతిక మిగిలితే ఏడాదికి 1,100. ఆ గది పైన పలకకు 14,400 అవుతుంది కాబట్టి పెట్టుబడి తిరిగి రావడానికి పదమూడేళ్లు. నాలుగేళ్లలో వచ్చేస్తుందని చెప్పే అమ్మకందారును నమ్మకండి.

అయినా నేను పలకనే వేయించమంటాను, ఎందుకంటే పొరపాటు లెక్కలో కాదు, దేనితో పోలుస్తున్నామన్నదాంట్లో ఉంది. ఏసీ లేని హాలు, వంటగది కరెంటు బిల్లులో కనిపించవు. వేసవి మధ్యాహ్నం ఇంట్లో ఉండే ముసలివాళ్లు, పిల్లలు ఉండేది అక్కడే. ఆ హాలు భరించలేనిదైతే ఇంటివారు చేసేది రెండో ఏసీ, మూడో ఏసీ కొనడం. ఒక్కోటి 40,000, దానికి విడిగా లైను, పదేళ్లకొకసారి కొత్తది. పోల్చవలసింది ఆ కొనకుండా మానేసిన ఏసీలతో. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేని ధర బస్తాకు 280 అనుకుంటే 400 బస్తాల మీద 11,200 రూపాయలు, ఆ తగ్గింపు మనదాకా వస్తే. ఒక పడకగది పలక ఖర్చులో ముప్పాతిక వంతుకు అది సరిపోతుంది.

గోడల మాట త్వరగా ముగించవచ్చు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ యూ విలువ 2 చిల్లర. ఎనిమిదంగుళాల ఏఏసీ దిమ్మెల గోడది 0.8 లోపు. అల్యూమినియం పొడి సున్నంతో కలిసి హైడ్రోజన్ బుడగలు లేపగా ఇడ్లీలా పొంగిన కాంక్రీటు అది. దిమ్మె ధర ఎక్కువగా కనిపించినా, మాలు, ప్లాస్టరింగు తగ్గడంతో గోడ మొత్తం ఖర్చు ఇటుక గోడకు దగ్గరలోనే తేలుతుంది. అయితే నీటిని పీల్చే గుణం ఉంది, అలవాటు లేని పనివాళ్ల చేతిలో బీటలు వస్తాయి, వంటింటి అలమరాకు మామూలు మేకు నిలవదు. ఫ్లైయాష్ ఇటుకలు చల్లగా ఉంటాయన్న నమ్మకం మాత్రం సరికాదు. రామగుండం, ఇబ్రహీంపట్నం విద్యుత్ కేంద్రాల బూడిదకు అవి మంచి దారి చూపాయి, బట్టీ కాల్చే బొగ్గును మిగిల్చాయి. వేడిని ఆపడంలో అవి మట్టి ఇటుకకు పెద్ద మెరుగు కాదు.

పైసా ఖర్చు లేని పని ఇంటి ప్లాను కాగితం మీద ఉంది. విజయవాడ అక్షాంశంలో మే నెల సాయంత్రం నాలుగింటికి సూర్యుడు పడమట 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నాలుగడుగుల కిటికీ మీద రెండడుగుల సజ్జ వేస్తే ఆ వేళ దాని నీడ పైనుంచి అడుగున్నర లోపే పడుతుంది. మిగతా అద్దం గుండా ఎండ నేరుగా మంచం మీదికి వస్తుంది. సజ్జ అసలే లేకపోతే ఆ ఒక్క కిటికీ ఆ గంటలో గదిలో అర కిలోవాటు హీటరు వెలిగించినంత పని చేస్తుంది. తూర్పు, ఉత్తరాల్లో ఎక్కువ ఖాళీ వదలమనే వాస్తు ఈ విషయంలో కొంత మేలే చేస్తుంది. కానీ యజమాని పడకగది నైరుతిలో ఉండాలన్న నియమం, పొద్దు గూకే దాకా ఎండ తినే పడమటి గోడ పక్కన, స్లాబు కింద, మనల్ని సరిగ్గా రాత్రి పదింటికి పడుకోబెడుతుంది. గది అక్కడే ఉండవలసి వస్తే పడమటి కిటికీని దక్షిణానికి జరపండి, పడమట గోడకు బట్టల అలమరాలు పెట్టండి. ప్లానులో అది చెరిపి గీసే పని. లింటెల్ పడ్డాక అదే కిటికీని జరపాలంటే గోడ పగలగొట్టే కూలి, కొత్త లింటెల్, మేస్త్రీ ముఖంలో విసుగు, మూడూ భరించాలి.