వంటగది కబోర్డులకు రంగు, యాంటిక్ ఫినిష్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లలో కబోర్డులకు రంగులు వేయించుకుని, ఏడాది తిరగకముందే పెచ్చులు లేచాయని మా దగ్గరకు వచ్చేవారు అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీ రంగు మంచిది అన్నదే. రంగు డబ్బాది తప్పనుకుని మరింత ఖరీదైన డబ్బా కొనడానికి వారు సిద్ధపడి వస్తారు. చాలా సందర్భాల్లో తప్పు రంగులో ఉండదు, రంగు కింద ఉంటుంది.

అపోహ: కడగనక్కరలేదు, రుద్దనక్కరలేదు, కొత్త రకం రంగులు సన్‌మైకా (షట్టర్ల మీద అంటించే లామినేట్ షీటు) మీద నేరుగా పట్టుకుంటాయి.

ప్రజల డబ్బును అన్నిటికంటే ఎక్కువగా నీళ్లపాలు చేస్తున్న మాట ఇదే కనుక దీని గురించి వివరంగా చెప్పాలి. మన వంటగదుల్లో పోపు పడని పూట ఉండదు. కాగిన నూనె నుంచి లేచే ఆవిరి పొయ్యి చుట్టుపక్కల షట్టర్ల మీద వాలి, గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడి, కంటికి సరిగా కనిపించని జిగురు పొరగా మారుతుంది. చిమ్నీ ఉన్న ఇంట్లోనూ ఇది తప్పదు. తడిగుడ్డ దాన్ని కదిలించలేదు. థిన్నర్‌లో ముంచిన ఒకే గుడ్డతో షట్టర్లన్నీ తుడవడం కొందరు పెయింటర్లకు అలవాటు. అలా చేస్తే ఒక షట్టరు జిడ్డు ఇంకో షట్టరుకు చేరడం తప్ప ప్రయోజనం లేదు.

సన్‌మైకాతో ఇంకో ఇబ్బంది ఉంది. దాని పై పొర మెలమైన్ రెసిన్‌తో తయారైనది. చెక్కకు ఉన్నట్టు దానికి సూక్ష్మరంధ్రాలు లేవు కనుక ప్రైమర్ లోపలికి ఇంకే అవకాశమే లేదు. 180 లేదా 220 నంబరు ఎమరీ పేపర్‌తో నిగనిగ పూర్తిగా పోయేవరకు రుద్దితేనే, ఆ సన్నని గీతల్లో ప్రైమర్‌కు పట్టు దొరుకుతుంది. అది కూడా లామినేట్‌కు పనికివచ్చే బాండింగ్ ప్రైమర్ అయి ఉండాలి, మామూలు వుడ్ ప్రైమర్ ఇక్కడ నిలవదు.

ఈ అపోహకు మూలమైన, సుద్దలాగా మెరుపు లేకుండా ఆరే చాక్ పెయింట్‌ను ఆనీ స్లోన్ అనే కళాకారిణి 1990లో ఇంగ్లండులో రూపొందించారు. పాత చెక్క బీరువాలు, కుర్చీలు, మేజాల వంటి సామాను మీద, పెద్దగా రుద్దకుండానే అది చక్కగా నిలుస్తుంది, అందులో అబద్ధం లేదు. కాని హాల్లో ఉండే చెక్క మేజాకు వర్తించే మాటను పొయ్యి పక్కన ఉన్న సన్‌మైకా షట్టరుకు వర్తింపజేసి, దాన్ని వీడియోల ద్వారా ఊరూరా ప్రచారం చేయడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

కాజీపేటకు చెందిన ఒక టీచరమ్మ, రాలిన రంగు ముక్కలను కాగితంలో పొట్లం కట్టుకుని మా దుకాణానికి వచ్చారు. బతుకమ్మకు ముందు వేసిన రంగు సంక్రాంతి నాటికి హ్యాండిళ్ల చుట్టూ పెచ్చులుగా ఊడిపోయింది. "అన్నా, కబోర్డులన్నీ పీకేసి కొత్తవి చేయించాలని అంటున్నరు, అంత పైసలు నేనెక్కడికెళ్లి తేవాలె?" అని అడుగుతున్నప్పుడు ఆమె గొంతు వణికింది. వెళ్లి చూస్తే లోపల ప్లైవుడ్ రాయిలాగా ఉంది, ఎక్కడా ఉబ్బలేదు. పీకవలసిన అవసరమే లేదు. అయితే ఊడుతున్న పొర మీద కొత్త రంగు వేయలేము కనుక పాతదంతా గీకి తీయవలసి వచ్చింది, అసలు పనికంటే ఆ గీకే పనికే ఆమెకు కూలీ ఎక్కువైంది. కడగడం, రుద్దడం మానేసి మొదట్లో మిగిలిందనుకున్న ఒక్క రోజు కూలీ ఈ విధంగా అంతకంటే పెద్ద ఖర్చై తిరిగివస్తుంది.

పని క్రమం ఇలా ఉండాలి. షట్టర్లను ఊడదీసి, గోరువెచ్చని నీళ్లలో బట్టల సోడా కలిపి రుద్ది కడగాలి. తరువాత సోడా మిగలకుండా మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి బాగా ఆరనివ్వాలి. రుద్దడం ఆ తరువాతనే. జిడ్డు ఉండగానే పేపర్ పడితే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. ప్రైమర్ ఆరిన తరువాత ఒక మూల బ్లేడుతో గళ్లుగా గీసి, టేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగండి. టేపుకు ప్రైమర్ ముక్కలు అంటుకుని వస్తే పని అక్కడే ఆపించండి. ఈ పరీక్ష చేయమని అడగడానికి మొహమాటపడవద్దు, పని తెలిసిన పెయింటరు దానికి కోపగించుకోడు.

అపోహ: పాత రంగును ఎండు ఎమరీతో గీకితే సహజమైన యాంటిక్ రూపం, అంటే పాతకాలపు సామాను రూపం, వస్తుంది.

మట్టెవాడ, గిర్మాజీపేట వంటి పాతబస్తీల ఇళ్లలో దశాబ్దాల నాటి ఎనామిల్ వేసిన చెక్క అలమరలు ఇంకా ఉన్నాయి. ఇంటి రంగుల్లో సీసం మిలియన్‌కు 90 భాగాలకు మించకూడదనే నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చుననే అనుకుని పని చేయాలి. దాన్ని పొడిగా రుద్దితే లేచే దుమ్ము గిన్నెల మీద, బియ్యం డబ్బాల మీద పడుతుంది, నేల మీద పాకే పసిపిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని మందులతో పూర్తిగా పోయేది కాదు. భయపడి అలమరలు పారేయనవసరం లేదు. పెచ్చులు లేవకుండా గట్టిగా ఉన్న పాత రంగును కదిలించకుండా వదిలేయడం క్షేమం. తప్పనిసరైతే నీళ్లతో తడిపి వాటర్ పేపర్‌తోనే రుద్దించాలి. ఆ రోజుల్లో పిల్లలు, గర్భిణులు ఇంట్లో ఉండకూడదు, దుమ్మును చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో ఎత్తాలి.

యాంటిక్ అంటే అంతటా గీతలు పెట్టడం కాదు. చేతులు తగిలే చోట, అంచుల్లో, మూలల్లో మాత్రమే పై రంగును సన్నగా తీసి, నగిషీల సందుల్లో ముదురు గ్లేజు (కింది రంగు కనిపించేంత పలుచని పూత) నిలిచేటట్టు తుడిస్తేనే అది కాలం చేసిన పనిలాగా కనిపిస్తుంది. అటువంటి షట్టర్లకు మెరిసే స్టీలు హ్యాండిళ్లు నప్పవు. మన పెంబర్తి ఇత్తడి రేకు పని ఒక చిన్న ముక్క హ్యాండిల్ కింద ఉన్నా రూపం మారిపోతుంది. మంచి పాత టేకు అలమర ఉన్నవారికి మాత్రం అసలు రంగే వద్దని చెప్పి పంపిస్తాను, దానికి పాలిష్ చాలు.

చివరి పూతగా మైనం చాలుననేది కూడా వంటగదికి పనికిరాని మాటే. మైనం వేడికి మెత్తబడుతుంది, పసుపు మరకను ఆపలేదు. పారదర్శకమైన పీయూ (పాలీయూరిథేన్) కోటు తప్పనిసరి. తెల్లని, లేత రంగుల మీదనైతే నీటి ఆధారిత పీయూ వేయించండి, నూనె ఆధారితమైనది కాలక్రమంలో పసుపుబారుతుంది.

చేతికి అంటనంత మాత్రాన రంగు గట్టిపడినట్టు కాదు. నీటి ఆధారిత ఎనామిల్ పూర్తిగా గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వానాకాలపు తేమలో ఆ గడువు ఇంకా పెరుగుతుంది. శ్రావణమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నవారు కబోర్డుల పనిని మే నెల చివరకే ముగించుకోవాలి. అప్పటి ఎండలకు కుంచె గీతలు పడకుండా ఉదయం పూటే రంగు వేయించాలి.