జర్నల్ స్క్వేర్‌లో ఒక సినిమా హాలు: కూల్చివేత నుంచి ఊరి వేదిక దాకా

అమెరికాలోని జెర్సీ సిటీలో అద్దెకుంటూ రోజూ పాత్ (PATH) అనే లోకల్ రైల్లో మాన్‌హాటన్ ఆఫీసులకు వెళ్లొచ్చే తెలుగువాళ్లకి జర్నల్ స్క్వేర్ స్టేషన్ బాగా తెలిసిందే. కందిపప్పు, కరివేపాకు తెచ్చుకునే ఇండియా స్క్వేర్ అక్కడికి నడిచిపోయేంత దూరం. సంచులు మోసుకుంటూ ఆ దారిన వెళ్లే మనం స్టేషన్ ఎదురుగా ఉన్న పాత భవనం వైపు తలెత్తి చూసేది తక్కువ. చూస్తే పైన ఒక గడియారం కనిపిస్తుంది. గుర్రం మీద సెయింట్ జార్జ్, ఎదురుగా డ్రాగన్. పావుగంటకోసారి వీరుడు ముందుకు వంగి డ్రాగన్‌ని పొడిచేలా దాన్ని అమర్చారు. ఆ భవనమే లోస్ జెర్సీ థియేటర్. కొన్నేళ్లుగా దాని మరమ్మతు గురించి, అందులో స్థానికుల వాటా గురించి నడుస్తున్న చర్చ అర్థం కావాలంటే దాదాపు వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

హాలు తెరిచింది 1929 సెప్టెంబరు 28న. సుమారు 20 లక్షల డాలర్ల ఖర్చు, 3,000 సీట్లు. షికాగోకి చెందిన ర్యాప్ అండ్ ర్యాప్ అనే ఆర్కిటెక్టుల సంస్థ దాన్ని డిజైన్ చేసింది. న్యూయార్క్ చుట్టుపక్కల లోస్ అనే సినిమా హాళ్ల కంపెనీ కట్టిన ఐదు ‘వండర్ థియేటర్ల’లో ఇదొకటి. తెరిచిన నెలకే షేర్ మార్కెట్ కుప్పకూలింది. అయినా జనం వచ్చారు. పని దొరకని రోజుల్లో కూడా కొద్ది సెంట్లకి బంగారు రంగు పూత పూసిన లాబీలో ఓ రాజులా నడిచిపోవచ్చు. పక్క ఊరు హోబోకెన్ కుర్రాడు, తరవాత పెద్ద గాయకుడైన ఫ్రాంక్ సినాత్రా ఇక్కడే బింగ్ క్రాస్బీ పాట విని తానూ పాటగాణ్ణి కావాలనుకున్నాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ కథకి అసలు మూలం తెర వెనకాల ఉంది. ఆ రోజుల్లో టికెట్ కొన్నవాడికి సినిమా ఒక్కటే చూపిస్తే సరిపోయేది కాదు. మధ్యలో పాటలు, డాన్సులు, హాస్యం ఉండాలి. అందుకని తెర వెనక నిజమైన రంగస్థలం కట్టారు. సీనరీ పైకి లాగే తాళ్లు, మేకప్ గదులు, వాద్యగాళ్లు కూర్చునే గుంట, పక్కగోడల్లో గొట్టాలు దాచిన పైప్ ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాద్యం), అన్నీ ఉన్నాయి. కేవలం సినిమా కోసమే కట్టిన హాలుని తరవాత నాటకాలకి మార్చడం కష్టం. ఇక్కడ వేదిక ముందు నుంచే ఉంది, దాన్ని మళ్లీ నిద్ర లేపాలంతే. మన దగ్గర కూడా చాలా పట్నాల్లో మొదటి టాకీసులు నాటకాల హాళ్లలోనే మొదలయ్యాయి. తెర రాగానే వేదిక వెనక్కి పోయింది. అందుకే ఈ పరాయి ఊరి కథ నాకు దగ్గరగా అనిపిస్తుంది.

పతనం నెమ్మదిగా వచ్చింది. లోస్ కంపెనీ అప్పట్లో ఎంజీఎం స్టూడియోకి కూడా యజమాని. సినిమా తీసే కంపెనీల చేతుల్లోనే హాళ్లు ఉండకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో ఆ అండ పోయింది. ఆ వెంటనే టీవీ ఇళ్లలోకి వచ్చింది, కార్లు కొనుక్కున్న కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి. ఖాళీ సీట్లకి 1974లో ఒక చిట్కా వేశారు: గోడలు కట్టి ఒక్క హాలుని మూడు చేశారు. శిల్పాలు, పైకప్పు పనితనం ఆ గోడల వెనక చీకట్లో పడ్డాయి. ఆర్గన్‌ని అమ్మేశారు. మన ఊళ్లలోనూ ఒకే హాలుని ముక్కలు చేసి నడిపిన యజమానులున్నారు. అది నిలబడాలన్న తపనే తప్ప ద్రోహం కాదు. కానీ ముక్కలైన హాలు ఇంకో పన్నెండేళ్లు మాత్రమే నడిచింది. 1986 ఆగస్టు 21న ఆఖరి షో పడింది.

కొన్న హార్ట్జ్ మౌంటెన్ సంస్థ దాన్ని కూలగొట్టి ఆఫీసు భవనం కట్టాలనుకుంది. అక్కడే ఊరు అడ్డం తిరిగింది. ‘ఫ్రెండ్స్ ఆఫ్ ద లోస్’ అని ఒక సంఘం కట్టి 10,000 సంతకాలు పోగేశారు. మున్సిపల్ మీటింగులకి ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి 1993లో జెర్సీ సిటీ నగరపాలన 3,25,000 డాలర్లకి ఆ భవనాన్ని కొన్నది. కట్టిన ఖర్చులో ఆరో వంతు కూడా లేని ధర. అప్పటికి అది హీటింగ్ లేని, నీళ్లు సరిగా రాని, వైరింగు పాడైన చీకటి గుహ.

దాన్ని బతికించిన పని శనివారాల్లో జరిగింది. జీతం లేని మనుషులు చీపుళ్లు, స్క్రూ డ్రైవర్లు, రంగు డబ్బాలతో వచ్చారు. 1974 నాటి అడ్డుగోడలు పడగొట్టారు. సీట్లు బాగుచేశారు, వైర్లు లాగారు, మరుగుదొడ్లు పనిచేసేలా చూశారు. 2001లో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. పాత సినిమాలు రీళ్ల మీదే వేశారు, సంగీత కచేరీలు, నాటకాలు పెట్టారు. 2007 నుంచి తెర లేచే ముందు ఆర్గన్ కూడా మోగేది.

ఆ ఆర్గన్ సంగతి ఒకటి చెప్పాలి. ఐదు వండర్ థియేటర్లకీ రాబర్ట్ మోర్టన్ కంపెనీ ఒకే నమూనా ఆర్గన్లు చేసి ఇచ్చింది: నాలుగు వరుసల మెట్లు, 23 శ్రేణుల గొట్టాలు. జెర్సీది అమ్ముడుపోయి చివరికి కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా అర్లింగ్టన్ థియేటర్‌కి చేరింది. దాని స్థానంలోకి బ్రాంక్స్‌లోని ప్యారడైజ్ థియేటర్ ఆర్గన్ వచ్చింది. ఆర్గన్ ప్రేమికుల సంఘం ఒకటి దశాబ్దానికి పైగా ఒక్కో గొట్టం తుడిచి, ఒక్కో తోలుముక్క మార్చి దాన్ని 2007లో మోగించింది. వాయించేవాడు కింది నుంచి లిఫ్టు మీద పైకి తేలుతూ వచ్చి మొదటి స్వరం నొక్కగానే కూర్చున్న కుర్చీ చెక్క అదురుతుంది. ఆ అదురు చేతికి తెలిసినవాళ్లు దీన్ని పాత కట్టడం అని తీసిపారేయలేరు.

మిగతా నాలుగూ ఒక్కో దారి పట్టాయి. మాన్‌హాటన్ 175వ వీధి హాలుని 1969లో రెవరెండ్ ఐక్ అనే మతబోధకుడు కొని ప్రార్థనా మందిరం చేశాడు. వాలెన్షియా, ప్యారడైజ్ కూడా చర్చిల చేతికే వెళ్లాయి. బ్రూక్లిన్ కింగ్స్ 1977లో మూతపడి 9.5 కోట్ల డాలర్ల మరమ్మతుతో 2015లో కచేరీల హాలుగా తెరుచుకుంది. జెర్సీ ఒక్కటే ఊరివాళ్ల రెక్కల కష్టం మీద నిలబడింది.

ఇక్కడే ఇప్పటి పేచీకి బీజం పడింది. హాలు నగరపాలనది, నడిపేది సంఘం, మధ్యలో 2004 నాటి లీజు. భద్రతా పనులు, పెద్ద మరమ్మతులు ఎవరి బాధ్యత అన్నది తేలక సంబంధాలు చెడ్డాయి. 2014లో నగరపాలన ఈ ఫ్రెండ్స్ సంఘాన్ని తప్పించి ఏఈజీ అనే పెద్ద కచేరీల సంస్థకి అప్పగించబోయింది. సంఘం కోర్టుకెక్కింది, గెలిచింది. ఏఈజీ తప్పుకుంది. కానీ గెలుపుతో పాత కప్పు బాగుపడదు, అగ్నిమాపక పైపులు రావు. వలంటీర్ల శనివారాలతో చేయగల పని అయిపోయింది, ఇక కోట్ల డాలర్ల పని మిగిలింది.

2021లో రాజీ కుదిరింది. న్యూజెర్సీ డెవిల్స్ హాకీ జట్టు యాజమాన్యానికి చెందిన సంస్థ హాలుని నడుపుతుంది, 7.2 కోట్ల డాలర్లతో మరమ్మతు జరుగుతుంది, ఫ్రెండ్స్ సంఘం పాత సినిమాలు, స్థానిక కార్యక్రమాలు కొనసాగిస్తుంది. మరుసటి ఏడాది పనుల కోసం హాలు మూశారు. ఖర్చు అంచనా 10 కోట్ల డాలర్లు దాటింది. 2025లో తెరుస్తామన్న మొదటి గడువు జారిపోయింది.

నా మటుకు పెద్ద ఆపరేటర్ రావడం తప్పు కాదు. ఇంత సొమ్ము సంఘం చందాలతో వచ్చేది కాదు. నాకున్న భయం తేదీల గురించి. పెద్ద గాయకుడి కచేరీకి శనివారం రాత్రి ఇచ్చేశాక, పక్క వీధి బడి పిల్లల నృత్యానికి మిగిలేది ఏ మంగళవారం? ఎంత అద్దెకి? మద్రాసులో మన రఘుపతి వెంకయ్య కట్టిన గెయిటీ థియేటర్ కూల్చేసినప్పుడు, నాకు తెలిసినంతలో, అడ్డంపడటానికి ఇలాంటి సంఘం లేదు. లీజు కాగితమూ లేదు. జర్నల్ స్క్వేర్‌లో ఆ రెండూ ఉన్నాయి. అందుకే ఏడాదికి ఎన్ని రోజులు, ఎంత అద్దెకి ఊరికి ఇస్తారో కాగితం మీద అంకెల్లో రాయించుకోవాలని అక్కడివాళ్లు పట్టుబట్టాలి. ఇండియా స్క్వేర్ దుకాణాల వెనక ఇళ్లల్లో కూచిపూడి నేర్పే మన వాళ్లు కూడా ఆ మీటింగులకి వెళ్లాలి. మున్సిపల్ మీటింగుల్లో మాట్లాడటానికి ముందుగా పేరు ఇచ్చుకుంటే చాలు.