కడగని బకెట్ చేసిన పని

పోయిన నెల తిరుపతిలో మా ఇంటికి ఫాల్స్ సీలింగ్ వేయిస్తుంటే ఒక పూట పని ఆగిపోయింది. కుర్రోడు పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, జిప్సం కాల్చి చేసే పొడి) కలిపి నిచ్చెన దగ్గరికి తెచ్చేలోపే బకెట్లోనే గడ్డకట్టింది. షాపువాడు పాత సరుకు అంటగట్టాడేమో అని నాకు టెన్షన్. మేస్త్రీ మాత్రం తాపీతో బకెట్ అంచు గీకి, తెల్ల పెచ్చు చూపించి, "ఏం రా, నిన్న కడగలేదా?" అన్నాడు.

జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్, కూడా రెండు నీటి అణువులు. 150 డిగ్రీల దాకా కాలిస్తే ఆ నీళ్ళలో ముప్పాతిక వంతు పోయి పీఓపీ మిగులుతుంది. మళ్ళీ నీళ్ళు పోస్తే పొడి కరిగి, సూదుల్లాంటి జిప్సం స్ఫటికాలుగా మారి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుస్తుంది, అప్పుడు బకెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. నిన్నటి పెచ్చు పాలలో తోడు లాంటిది, కొత్త స్ఫటికాలన్నీ దాన్ని పట్టుకునే పెరిగిపోతాయి. నిమ్మ ఉప్పు దీనికి రివర్స్, చిటికెడు వేస్తే బిగుసుకోవడం ఆలస్యమవుతుంది, అందుకే కంపెనీలు దాన్ని కావాలనే కలుపుతాయి.

అసలు తలనొప్పి ఎరువుల ఫ్యాక్టరీల్లో వ్యర్థంగా మిగిలే జిప్సంతో ఉంది. ఫాస్ఫేట్ రాయిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఉడికించి ఫాస్ఫారిక్ ఆమ్లం తీస్తే, ఆమ్లాన్ని ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ లెక్కలో (ఫ్యాక్టరీలు కొలిచే పద్ధతి అది) చూస్తే టన్నుకు దాదాపు 5 టన్నుల ఫాస్ఫోజిప్సం మిగులుతుంది. చూడ్డానికి జిప్సమే, కానీ ఫాస్ఫేట్, ఫ్లోరైడ్, సేంద్రియ మురికి అంటుకుని ఉంటాయి, రాయిని బట్టి కాస్త రేడియం అనే రేడియోధార్మిక లోహం కూడా. పైపైన ఉన్న ఫాస్ఫేట్ కడిగితే పోతుంది. మొండిది ఇంకోటుంది. ఫాస్ఫేట్ అయాన్ సైజు సల్ఫేట్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి స్ఫటికం లోపలే సల్ఫేట్ సీటులో కూర్చుంటుంది, ఎన్ని నీళ్ళు పోసినా కదలదు. తీరా ప్లాస్టర్ కలిపినప్పుడు బయటికొచ్చి, కాల్షియంతో కలిసి రేణువుల మీద పొరలా పరుచుకుంటుంది. పూత ఎంతకీ బిగుసుకోదు, బిగుసుకున్నా బలం తగ్గుతుంది. సున్నం కలిపితే కరిగే ఫాస్ఫేట్, ఫ్లోరైడ్ రెండూ కరగని కాల్షియం లవణాలై చాలావరకు నోరు మూసుకుంటాయి. ఇలా సరిచేసిన ఫాస్ఫోజిప్సంతోనే గాజు పీచు కలిపి గోడంత ప్యానెళ్ళు పోస్తున్నారు, ఐఐటీ మద్రాసు వాళ్ళు వాటితో ఇళ్ళు కట్టి చూపించారు కూడా.

ఇక ఉప్పు. ఉప్పు నీళ్ళతో కలిపితే ముందు త్వరగా బిగుసుకుంటుంది, బాగుందే అనిపిస్తుంది. తర్వాత తడి ఆరేటప్పుడు ఉప్పు నీళ్ళతోపాటు పైకొచ్చి తెల్లగా పూసి రంగును లేపేస్తుంది. జిప్సం బోర్డులో అయితే కాగితానికీ లోపలి జిప్సానికీ మధ్య చేరి అట్టను ఊడగొడుతుంది.

మా బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి. "మంచినీళ్ళు ఇయ్యి సామీ" అని మేస్త్రీ అడిగితే తాగడానికేమో అనుకుని చెంబు తెచ్చా. ఆయన నవ్వి, కడిగిన బకెట్ ముందుకు జరిపాడు.