“మా వాడికి భయమే లేదు మేడం”: పిల్లల ధైర్యంపై అపోహలు - వాస్తవాలు

ప్రకాశం జిల్లా సింగరాయకొండ వైపు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న నేను ప్రతి శనివారం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో “వారం వార్తలు” అని ఒక పేజీ పెడుతుంటాను. ఏ తరగతిలో ఏ పాఠం పూర్తయింది, సోమవారం ఏమేమి తేవాలి అన్న సంగతులతో పాటు చివరన “ఈ వారం ధైర్యం” అనే శీర్షిక కింద పిల్లల ధైర్యం గురించి నాలుగు వాక్యాలు ఉంటాయి. చదువు రాని అమ్మమ్మలు మనవరాళ్ల చేత చదివించుకొని వాయిస్ మెసేజీ పంపుతారు. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే రోజుల్లో బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టు) దగ్గర రాత్రంతా మేలుకునే తండ్రులు అర్ధరాత్రి దాటాక జవాబిస్తారు. ఆ జవాబులలో నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే మాట ఒకటుంది: “మా వాడికి భయమే లేదు మేడం, సూది వేసినా ఏడవడు.”

అపోహ: భయం లేకపోవడమే ధైర్యం.

వాస్తవం: భయపడని పిల్లలను నేను ఇంతవరకు చూడలేదు, భయాన్ని దాచుకోవడం నేర్చినవారు మాత్రం ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. ఇంట్లో ఏడుపుకు ఎగతాళి, ఓర్చుకున్నందుకు మెచ్చుకోలు దొరుకుతుంటే బిడ్డ ఆ లెక్కను చాలా త్వరగా పట్టేస్తాడు. ఆ తరువాత ఆటోలో పెద్ద పిల్లలు కొట్టినా, ఎవరైనా తాకరాని చోట తాకినా, ఆ సంగతి ఇంటి గడప దాటి లోపలికి రాదు.

ఒక రోజు మధ్యాహ్న భోజనానికి ముందు రెండవ తరగతి బాబు ఒకడు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కోనని, బూటు విప్పనని మొండికేశాడు. బతిమాలి విప్పిస్తే, సాక్సు ఎండిన నెత్తురుతో చీలమండకు అతుక్కొని ఉంది. పొద్దున బడికి వచ్చే దారిలో వీధికుక్క కరిచిందట. “మా నాయనకు చెప్పబాకండి మేడం. ఏడిస్తే పిరికోడంటాడు, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులేయిస్తాడు” అన్నాడు. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, తండ్రిని పిలిపించి, ఆ పూటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించాము.

కుక్కకాటుకు బొడ్డు చుట్టూ వేసే ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రులలో మొదటి సూది రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజులలో భుజానికి వేస్తారు. గాయాన్ని బట్టి, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సీరం అనే మందు కూడా ఇస్తారు. ఇన్నేళ్ల తరువాత కూడా అన్నం తినని పిల్లలకు ఆ పద్నాలుగు సూదుల కథ చెప్పి బెదిరించే పెద్దలను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. కుక్కకాటుతో వచ్చే రేబిస్ జబ్బు లక్షణాలు బయటపడ్డాక బిడ్డను దక్కించుకోవడం దాదాపు అసాధ్యం కనుక, ఒక పసివాడు గాయాన్ని సాక్సు కింద దాచిన ఆ కొన్ని గంటలు చిన్న విషయం కాదు. కారం, సున్నం, ఆకు పసరు గాయానికి పూయడం గురించి వేరే చెప్పనక్కరలేదు, పూయకండి.

ఆ తండ్రిని నేను తప్పుపట్టలేదు. మనిషి వణికిపోతూ వచ్చాడు. తన బిడ్డ రేపు నలుగురిలో ఎలా నెగ్గుకొస్తాడోనన్న బెంగతోనే చాలామంది ఇంట్లో కరుకుగా మాట్లాడతారని నాకు తెలుసు. ఆయనకు చెప్పిందే అందరికీ చెబుతున్నాను: “ఏడవలేదు, భేష్” అనే బదులు “ఏడుస్తూనే వచ్చి చెప్పావు, మంచి పని చేశావు” అనండి, బిడ్డ ఏదైనా చెప్పబోతే ముందు “ఏం జరిగింది?” అని అడగండి, “నువ్వెందుకు వెళ్లావు?” అన్న ప్రశ్నను రేపటికి వాయిదా వేయండి.

అపోహ: తరగతిలో చేయి ఎత్తేవారే ధైర్యవంతులు.

వాస్తవం: నోరు విప్పని పాప పక్క పిల్లకు పాఠం చదివి వినిపిస్తే ఆ వారానికి చాలు; ప్రార్థన సమావేశంలో మాట్లాడటం తరువాత చూసుకోవచ్చు.

అపోహ: వారం వార్తలలో పేరు రాకపోతే బిడ్డ వెనకబడినట్లే.

వాస్తవం: “ఈ వారం ధైర్యం” శీర్షికలో మేము ఎవరి పేరూ రాయము. అది మార్కుల పట్టిక కాదు.

అపోహ: పిరికివాడని పిలిస్తే పౌరుషం వస్తుంది.

వాస్తవం: బడిలో ఆ మాట అనే హక్కు మాకు కూడా లేదు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకుల ఎదుట రొమ్ము చూపిన ప్రకాశం పంతులు గారి కథ ఈ జిల్లా పిల్లలకు తప్పక చెప్పవలసిందే, కానీ ఆయన అప్పటికి యాభై దాటిన మనిషి. ఏడేళ్ల బిడ్డను ఆ కొలతతో కొలవకండి.

ఇంట్లో చెప్పలేని సంగతులు కూడా కొందరు పిల్లలకు ఉంటాయి. అందుకే వారం వార్తల అడుగున బాలల ఉచిత సహాయ నంబరు 1098 ఎప్పుడూ ఉంటుంది. ఆ నంబరును పిల్లల చేత నోటికి వచ్చేవరకు చెప్పించండి.