అన్నం ముద్ద వెనక ఆనకట్ట

కాస్త నీరసంగా ఉంటే చాలు, "ఒక గ్లూకోజు సీసా ఎక్కించండయ్యా" అని అడిగి మరీ ఎక్కించుకునేవాళ్లు నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో తక్కువేమీ లేరు. ఆ సీసాలో నిజంగా బలముందా అని ఒక పాఠకురాలు అడిగారు. లెక్క చూద్దాం. ఐదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. వంద కేలరీలు మించదు. గుప్పెడు మొలగొలుకుల బియ్యం వండుకుంటే అంతకు తక్కువేం రాదు. ఉత్త సెలైన్ అయితే ఉప్పునీళ్లే, కేలరీ సున్నా. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్లకు అది ప్రాణం నిలుపుతుంది. మామూలు నీరసానికి అది మందు కాదు.

మరి అన్నంలోని బలం కండకెలా చేరుతుంది? పిండిపదార్థం విడిపోయి గ్లూకోజు కావడం బడిలో అందరూ చదివిందే. ఆ తర్వాతి అసలు సంగతిని "గ్లూకోజు మండి శక్తి వస్తుంది" అని ఒక్క ముక్కలో దాటేస్తారు. మండితే వచ్చేది వేడి. వేడి తగిలితే కండ ఉడుకుతుంది గానీ నారు నాటదు.

కణంలో ఉన్నది పొయ్యి కాదు, పెన్న మీది సోమశిల లాంటి ఆనకట్ట. కణంలో శక్తి తయారుచేసే చిన్న గదులైన మైటోకాండ్రియా లోపలి పొరే కట్ట. నీళ్ల బదులు ప్రోటాన్లు, అంటే ధనావేశమున్న హైడ్రోజన్ రేణువులు. గ్లూకోజు నుంచి ఊడదీసిన ఎలక్ట్రాన్లు మెట్టుమెట్టుగా దిగి ఆక్సిజన్‌ను చేరతాయి. దిగే ఊపుతో మూడు మోటార్లు నడిచి, ఒక్కో జత ఎలక్ట్రాన్లకు సుమారు పది ప్రోటాన్లను కట్ట అవతలికి తోడిపోస్తాయి. కట్ట మందం మిల్లీమీటరులో దాదాపు రెండు లక్షలో వంతు. దానికి అటూఇటూ తేడా 0.15 వోల్టు. టార్చి బ్యాటరీలో పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ అంత పల్చని పొర మీద అది మీటరుకు మూడు కోట్ల వోల్టుల ఒత్తిడి! గాలి చిట్లి నిప్పురవ్వ ఎగరడానికి 30 లక్షలు చాలు.

ఎక్కిన ప్రోటాన్లు తిరిగి దిగేందుకు తూము ఉంది, తూములో చక్రం ఉంది. మన కణాల్లో ఎనిమిది ప్రోటాన్లు దిగితే ఒక చుట్టు, చుట్టుకు మూడు ఏటీపీలు, అంటే కణం శక్తిని మోసుకుపోయే చిన్న అణువులు. కండ ఖర్చుపెట్టేది ఈ చిల్లరనే. (ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఈ మాట మన పాఠాల్లో ఎందుకు రాదో!) ఒంట్లో ఏటీపీ నిల్వ పావుకిలో మించదు. అదే మళ్లీ మళ్లీ తిరిగి రోజుకు దాదాపు మనిషి బరువంత ఖర్చవుతుంది.

సోమశిలకు, దీనికి ఒక తేడా ఉంది. అక్కడ నీరు నెలల తరబడి నిలుస్తుంది. ఇక్కడ ఆక్సిజన్ అందకపోతే ఎలక్ట్రాన్లు దిగే చోటు లేక మోటార్లు ఆగుతాయి, క్షణాల్లో మడుగు ఖాళీ. పసిబిడ్డల వీపున ఉండే గోధుమరంగు కొవ్వులో మాత్రం చక్రం లేని దొంగ తూములుంటాయి. ప్రోటాన్లు వాటిగుండా ఊరికే జారిపోతాయి, ఏటీపీ రాదు, వేడి పుడుతుంది. వణకడం చేతకాని బిడ్డకు అదే కుంపటి. ఇలాంటి కన్నమే మందుతో పెట్టి సన్నబడదామని 1930ల్లో అమెరికాలో డైనైట్రోఫినాల్ మింగారు. ఒళ్లు లోపలి నుంచే కాగిపోయి కొందరు చచ్చిపోయారు.

ఇక నీరసానికి మింగే విటమిన్ మాత్రల్లో కేలరీలుండవు, వాటిలోని బి రకాలు ఈ యంత్రాంగానికి విడిభాగాల్లాంటివి. గ్లూకోజు సగం విరిగాక మైటోకాండ్రియాలో ముందుకు సాగాలంటే బి1 విటమిన్ ఉండి తీరాలి. అది తవుడులో ఉంటుంది, మరపట్టగానే చాలావరకు పోతుంది. మిగిలింది నీళ్లలో కరిగే రకం కనుక నాలుగుసార్లు కడిగితే కొంత, గంజి వారిస్తే మరికొంత పోతుంది. ఒకటి రెండుసార్లు కడిగి, అత్తెసరు పెట్టి వండితే నిలుస్తుంది. వార్చిన గంజి ఎక్కువగా చేరేది బర్రె కుడితిలోకే. బర్రెకేమో దాని అవసరమే లేదు, పొట్టలోని సూక్ష్మజీవులే దానికి కావలసినంత బి1 తయారుచేసి పెడతాయి.